కారు ముందొస్తుంది, దాని రిపేరు తెలిసినవాడు తర్వాతొస్తాడు

"చెన్నైలో ఉంటాను. పూర్తిగా రీడిజైన్ అయి వస్తున్న ఒక స్పోర్ట్స్ కారును మొదటి బ్యాచ్‌లోనే బుక్ చేద్దామనుకుంటున్నాను. ఇప్పుడే తీసుకోవచ్చా, ఒక ఏడాది ఆగాలా?" అని ఒకరు అడిగారు.

ఆగండి. ఏడాది కూడా కాదు, వీలైతే ఏడాదిన్నర ఆగండి. ఇది వీడియోలు చూసి చెప్తున్న మాట కాదు. చెన్నైలో ఇంపోర్టెడ్ కార్లు అమ్మే ఒక డీలర్ దగ్గర చాలా ఏళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేశాను. జాబ్ కార్డు రాసేది నేనే, కారు ఆలస్యమైతే కస్టమర్ చేత మాటలు పడేదీ నేనే. ఇప్పుడు అంబత్తూరు వైపు సొంతంగా చిన్న వర్క్‌షాప్ నడుపుకుంటున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి అడ్డమేమీ లేదు.

మొదటి ఏడాది కార్లలో లోపాలు ఎక్కువని అందరూ అంటారు. నిజమే. కానీ నన్నడిగితే అసలు ఇబ్బంది అది కాదు. లోపం ఏ కారుకైనా వస్తుంది. మొదటి ఏడాది వచ్చిన లోపం ఎక్కడుందో, దేనివల్ల వచ్చిందో మన ఊళ్లో ఒక్కరికీ తెలియదు, అదీ ఇబ్బంది. కారు ఓడెక్కి వచ్చి పోర్టులో దిగిపోతుంది. దాన్ని బాగుచేసే పరిజ్ఞానం మాత్రం ఇంకా జర్మనీలోనో జపాన్‌లోనో ఎవరో ఇంజనీరు దగ్గరే ఉండిపోతుంది. కొన్నిసార్లు ఆయనకు కూడా తెలిసి ఉండదు.

నా చేతుల మీదుగా వెళ్లిన ఒక కారు సంగతి చెప్తాను. కంపెనీ పేరు వద్దు.

కస్టమర్‌ది నెల్లూరు జిల్లా, రొయ్యల వ్యాపారం. పిల్లల చదువుల కోసం అన్నానగర్‌లో ఇల్లు తీసుకున్నారు. ఎప్పటినుంచో ఆ మోడల్ మీద కన్నేసి, కొత్త డిజైన్ ప్రకటించగానే అడ్వాన్స్ కట్టేశారు. రెండు సీట్ల కారు. డెలివరీ రోజు నెల్లూరు నుంచి వాళ్లమ్మగారితో సహా ఇంటిల్లిపాదీ వచ్చారు. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. నన్ను కూడా పిలిచి ఫొటోలో నిలబెట్టారు. "తమ్ముడూ, ఇది నా ఇరవై ఏళ్ల కోరిక" అన్నారు. ఆ మాటన్నప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిపోయిందో ఇప్పటికీ గుర్తుంది.

కొన్ని వారాలకే ఒక ఆదివారం తెల్లవారుజామున ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే రోడ్డు) మీద, ముట్టుకాడు దాటాక, డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. గేరు ఒకదాంట్లోనే ఉండిపోయింది. ఫ్లాట్‌బెడ్ మీద వేసుకొచ్చాం. తీరా షెడ్డులో దించి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పనిచేసింది. స్కానర్ పెడితే గేర్‌బాక్సు, బ్రేకులు, స్టీరింగు, ఆఖరికి డోరు మాడ్యూలు కూడా "కమ్యూనికేషన్ లాస్ట్" అని చూపించాయి. ఇన్ని యూనిట్లు ఒకేసారి చెడిపోవడం జరిగే పని కాదు. స్కానర్‌లో కనపడ్డ ఆ లోపాల కోడ్లు తుడిచి, గిండీలో రోడ్ టెస్ట్ చేసి ఇచ్చేశాం. పది రోజులు తిరగకుండానే మళ్లీ ఫ్లాట్‌బెడ్ మీద వచ్చింది.

ఇలాంటప్పుడు డీలర్ తనంతట తాను ఏమీ చేయకూడదు. వారంటీ కారు కదా, కంపెనీ హెడ్డాఫీసుకు కేసు పంపాలి, వాళ్లు చెప్పిందే చేయాలి. వాళ్లు గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్, అంటే గేర్‌బాక్సును నడిపించే చిన్న కంప్యూటర్, మార్చమన్నారు. అది విమానంలో రావాలి, కస్టమ్స్ దాటాలి. వచ్చింది, మార్చాం, లోపం అలాగే ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయమన్నారు. చేశాం, అయినా అంతే. ప్రతి మెయిల్ చివరా "ఇలాంటి కేసు మాకు వేరే మార్కెట్ నుంచి రాలేదు" అని ఒక వాక్యం. ఆ వాక్యాన్ని కస్టమర్‌కి ఫోన్లో ఎలా చెప్పాలి? ఒక రోజు ఆయన కేకలు వేయలేదు కూడా. "తమ్ముడూ, కారు నా ఇంట్లో కంటే మీ షెడ్డులోనే ఎక్కువుండాది. డబ్బులు పెట్టినోడిని నేను. ఇప్పుడు నేనేం చేయాల్నో నువ్వే చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

చివరికి లోపం పట్టింది కంప్యూటరూ కాదు, హెడ్డాఫీసూ కాదు. మా దగ్గర కాంచీపురం అబ్బాయి ఒకడుండేవాడు, డిప్లొమా చదివాడు, నోట్లోంచి మాట రాదు. లైట్లు వెలిగిన ప్రతిసారీ కారు ఎక్కడుందని కస్టమర్‌ని అడిగి రాసుకున్నాడు. నన్ను ల్యాప్‌టాప్‌తో పక్క సీట్లో కూర్చోబెట్టి, షెడ్డు వెనక సందులో పెయింట్ కూడా లేని స్పీడ్‌బ్రేకర్ మీదికి కారును మళ్లీ మళ్లీ ఎక్కించాడు. స్టీరింగ్ ఎడమకి తిప్పి ఎక్కించినప్పుడల్లా స్క్రీన్ మీద డేటా ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తోంది. లిఫ్ట్ మీద పెట్టి, ముందు ఎడమ చక్రం, దాని వెనక ప్లాస్టిక్ లైనర్ విప్పి, టార్చి, చిన్న అద్దం పెట్టి చూపించాడు. బొటనవేలంత లావు వైరింగ్ హార్నెస్, అంటే వైర్లన్నీ కలిపి చుట్టిన కట్ట, ఒక రేకు బ్రాకెట్ అంచు మీదుగా వెళ్తోంది. చుట్టిన టేపు అరిగిపోయింది. లోపల మెలిపెట్టిన రెండు సన్నని వైర్లున్నాయి, కంట్రోల్ యూనిట్లన్నీ మాట్లాడుకునేది వాటి మీదుగానే. అందులో ఒకదాని పైతొడుగు కొట్టుకుపోయి ఆవగింజంత రాగి బయటపడింది. సముద్రపు గాలి తగిలి దానికి పచ్చగా చిలుము పట్టింది. బ్రాకెట్ అంచు మీద వేలు ఆనిస్తే గీసుకునేలా ఉంది.

మామూలు కారైతే ఆ వైరు అతికించి, స్లీవ్ వేసి సాయంత్రానికి ఇచ్చేస్తాం. వారంటీ రూల్ ప్రకారం హార్నెస్ మొత్తం మార్చాలి. అది మళ్లీ విదేశం నుంచే రావాలి, డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. కోటి దాటిన కొత్త కారు డ్యాష్‌బోర్డు ముక్కలై నేల మీద పరిచి ఉంటే, చూడటానికొచ్చిన ఆ పెద్దమనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. అదే మోడల్, తర్వాతి బ్యాచ్ కారు మొదటి సర్వీసుకి వచ్చింది. ఆ అబ్బాయి దాన్ని లిఫ్ట్ మీదికెత్తి నన్ను పిలిచాడు. అదే చోటు. బ్రాకెట్ అంచు లోపలికి మడిచి ఉంది. హార్నెస్‌కి గుడ్డలాంటి మందపాటి స్లీవ్ వేసి ఉంది. పార్ట్ నంబర్ అంతా అదే, చివరి అక్షరం ఒక్కటి మారింది. మాకు సర్క్యులర్ లేదు, మెయిల్ లేదు. ఎక్కడో ఎవరికో తెలిసింది, ఫ్యాక్టరీలో మార్చేశారు. ముందు కొన్నవాళ్ల కార్లలో పాత బ్రాకెట్టే ఉంది. మొదటి బ్యాచ్ వద్దని నేనంత గట్టిగా అనడం ఆ రోజు నుంచి మొదలైంది.

కంపెనీలు టెస్ట్ చేయవా అంటారు. చేస్తాయి. స్వీడన్ మంచులో, అమెరికా డెత్ వ్యాలీ ఎండలో నెలల తరబడి తిప్పుతాయి. కానీ అవి ఎక్కువగా చేత్తో జాగ్రత్తగా కట్టిన ప్రోటోటైపులు, నమూనా కార్లు. ఫ్యాక్టరీ లైన్ మీద వేలల్లో తయారవడం మొదలయ్యాక కొత్త అచ్చులు, కొత్త సప్లయర్లు, ఆ పనికి చేయి ఇంకా అలవాటుపడని మనుషులు. వెయ్యిలో ఒకదానికి వచ్చే లోపం వంద ప్రోటోటైపుల్లో కనపడే అవకాశం చాలా తక్కువ. పైగా చెన్నై ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని గంటసేపు పాక్కుంటూ పోయే ట్రాఫిక్ ఏ టెస్ట్ ట్రాక్ మీదా ఉండదు. కంపెనీ పిలిస్తే విమానమెక్కి వెళ్లి, స్పెయిన్‌లో ఒక రోజు నడిపి "తిరుగులేని కారు" అని రాసేవాళ్లకు ఇవేవీ తెలియవు. వాళ్ల రివ్యూ చూసి కోటి రూపాయల నిర్ణయం తీసుకోవడం నాకు బొత్తిగా నచ్చదు.

పెద్ద పేర్లు కూడా దీనికి అతీతం కాదు. ఫెరారీ 458 ఇటాలియా వచ్చిన కొత్తలో, 2010లో, వెనక చక్రాల దగ్గర హీట్ షీల్డు అతికించిన జిగురు వేడికి అంటుకుని కార్లు తగలబడ్డాయి. 1,248 కార్లు వెనక్కి పిలిచి, జిగురు తీసేసి బిగింపులు పెట్టారు. 2014లో కొత్త పోర్షే 911 జీటీ3కి ఇంజన్ లోపల పిస్టన్‌ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులై యూరప్‌లో రెండు కార్లు కాలాయి. నడపొద్దని ఓనర్లకు చెప్పి, 785 కార్లకూ ఇంజన్లే మార్చారు. పోర్షే చేసింది మెచ్చుకోవాల్సిన పనే. అయినా కొత్త కారు షెడ్డులో పెట్టుకుని ఎదురుచూసినవాడి బాధ బాధే.

లోపాలే లేవనుకుందాం. అప్పుడు కూడా ముందు కొన్నవాడికే నష్టం. కొత్త టొయోటా సుప్రా 2019లో అమెరికాలో 335 హార్స్‌పవర్‌తో వచ్చింది, మరుసటి మోడల్ ఇయర్‌కే 382 చేశారు. మన దగ్గర బీఎండబ్ల్యూ ఎం2 2023లో 460తో వచ్చింది, 2024 చివరికల్లా 480 అయింది. ముందు పరుగెత్తి కొన్నవాళ్లకు దక్కింది తక్కువ పవరున్న కారు.

తొలి బ్యాచ్ కార్లకు ముందు ముందు కలెక్టర్ల దగ్గర విలువ పెరుగుతుందని కొందరు వాదిస్తారు. 1961 జాగ్వార్ ఈ-టైప్‌లో బానెట్ గొళ్లెం బయటకు ఉన్న తొలి కార్లకు ఇప్పుడు ధర ఎక్కువన్నది నిజం. కానీ ఆ కారు గేర్‌బాక్స్ మొండిగా ఉందని, సీట్లు బాగాలేవని అందరూ మొత్తుకుంటే జాగ్వారే 1964లో 4.2 లీటర్ల మోడల్‌తో రెండూ సరిచేసింది. నడపడానికి కొనేవాడు 4.2 తీసుకుంటాడు. మీరు మ్యూజియంలో పెట్టడానికి కొనడం లేదనుకుంటున్నాను.

"రీడిజైన్" అన్నది కూడా అన్ని కార్లకూ ఒకటి కాదు. పైన రేకు మారి, లోపల పాత ఇంజన్, పాత గేర్‌బాక్స్, పాత ఎలక్ట్రికల్స్ ఉంటే భయం తక్కువ. ఇప్పటి 911నే చూడండి. 2024లో వచ్చిన మార్పుల్లో మామూలు కరెరాలో ఎప్పటి నుంచో ఉన్న 3.0 లీటర్ల ట్విన్ టర్బోయే కొనసాగింది. అదే ఏడాది వచ్చిన జీటీఎస్‌లో మాత్రం కొత్త 3.6 లీటర్ల ఇంజన్, ఎలక్ట్రిక్ టర్బో, హైబ్రిడ్ బ్యాటరీ పెట్టారు. పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి, షెడ్డులో మాత్రం రెండూ వేరే లోకాలు. మీరు చూస్తున్న కారులో లోపల ఏం మారిందో నాకు రాయలేదు. ముందు అది కనుక్కోండి. ఈ రోజుల్లో ఇంజన్ కంటే వైరింగు, సాఫ్ట్‌వేరే ఎక్కువ సతాయిస్తాయి.

లోపమున్న కార్లను వెనక్కి పిలిపించే రీకాల్ చట్టం ఉంది కదా అంటారేమో. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఎ సెక్షన్ కలిపారు, 2021 ఏప్రిల్ నుంచి రూల్స్ అమల్లో ఉన్నాయి. కానీ ఎన్ని ఫిర్యాదులొస్తే కదలాలన్నది అమ్ముడైన కార్ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఊరికి నాలుగు అమ్ముడయ్యే మోడల్‌కి అన్ని ఫిర్యాదులు ఎక్కడి నుంచి తెస్తాం? మన ప్రభుత్వానికి పన్ను మీద ఉన్న శ్రద్ధ దీని మీద లేదు. 2023 నవంబరు నుంచి తమిళనాడులో 20 లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్స్ 20 శాతం. కారు లిఫ్ట్ మీద నెలలు గడిపినా ఆ డబ్బు తిరిగి రాదు. అంత కట్టించుకుని, వాన పడితే కారు పెట్టుకోవడానికి చోటుండదు. 2024 అక్టోబరులో భారీ వర్షాల హెచ్చరిక రాగానే వేళచ్చేరి జనం కార్లు తెచ్చి ఫ్లైఓవర్ మీద పెట్టుకున్నారు, పాపం ఏం చేస్తారు, 2023 మిచౌంగ్ తుపానుకి బేస్‌మెంట్లలో మునిగినవి చూశారు కదా. తక్కువ ఎత్తు కారు కొంటున్నారు కాబట్టి మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్ గురించి కూడా ఆలోచించండి.

ఇంతా చెప్పినా ఆగలేనంటే ఇవి చేయండి. రిజిస్ట్రేషన్ నెల కాదు, కారు తయారైన నెల అడగండి. మొదటి నెలల్లో తయారై స్టాక్‌యార్డులో పడి ఉన్న కారును ఏడాది తర్వాత డిస్కౌంట్‌కి అంటగడతారు, అదీ మొదటి బ్యాచే. షోరూంలో సేల్స్ వాళ్లతో మాట్లాడి ఊరుకోకుండా సర్వీస్ వైపు వెళ్లి, ఈ మోడల్ మీద ట్రైనింగ్ అయిన టెక్నీషియన్ ఎవరో, ఇక్కడే ఉంటాడో, వేరే ఊరి నుంచి రావాలో అడగండి. పార్టు రావడం ఆలస్యమైతే బదులు కారు ఇస్తారా, ఇస్తే ఏది ఇస్తారు, కాగితం మీద రాయించుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ మొదటి రోజే తీసుకోండి, అందులో ఎలక్ట్రికల్స్, వైరింగు వస్తాయో లేదో చిన్న అక్షరాలు కూడా చదవండి. అడ్వాన్స్ ఇప్పటికే కట్టేసి ఉంటే కంగారు పడకండి. తర్వాతి ఎలొకేషన్‌కి, అంటే డీలర్‌కి కంపెనీ తర్వాత కేటాయించే కార్లకు, మార్చమని మెయిల్ పెట్టండి. మొదటి బ్యాచ్ కోసం ఎగబడేవాళ్లు లైన్లో ఉంటారు కాబట్టి నేను చూసినంతలో డీలర్లు సంతోషంగానే మారుస్తారు.