ఆ ట్యూబు మూత తీయకు, అమ్మడూ

అమ్మడూ,

నీ కూచిపూడి రంగప్రవేశం ఖాయమైందని వదిన ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో గజ్జె కట్టిన మొదటి పిల్లవి నువ్వే. సంతోషంతో ఆ పూట నాకు అన్నం కూడా సహించలేదు. ఆ వెంటనే వదిన ఇంకో మాట అంది. చేతుల మీద సన్న బొడిపెలు స్టేజీ మీద కనిపిస్తాయని టెన్షన్ పడుతున్నావట, ఫ్రెండ్ చెప్పిన క్రీమ్ ఏదో మందుల షాపులో కొనేశావట. ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా దాని మూత తీయకు.

వదిన పంపిన ఫొటో చూశాను. భుజం కింద వెలుపలి వైపు, తాకితే గరుకు కాగితంలా తగిలేవి, దురదా నొప్పీ లేనివి. వీటిని డాక్టర్లు కెరటోసిస్ పిలారిస్ అంటారు. చర్మంలో ఉండే కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్ వెంట్రుక కుదురు దగ్గర పేరుకుని దారి మూసేస్తుంది, అంతే. అంటుకునేది కాదు, మురికి వల్ల వచ్చేదీ కాదు. ఎక్కువగా వంశంలో వస్తుంది. మీ నాన్న చేతులు ఒకసారి తడిమి చూడు, తెలుస్తుంది. చర్మం పొడిబారే చలికాలంలో ఎక్కువవుతుంది. చాలామందికి వయసు పెరిగేకొద్దీ దానంతటదే తగ్గుతుంది.

అయినా ఫొటో చూసి తేల్చేయకూడదు. చర్మవ్యాధుల ఓపీలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ చూశాను కదా. రాత్రిళ్ళు దురద పెడుతూ వేళ్ళ సందుల్లోనూ ఉంటే గజ్జి. వ్యాక్సింగ్ తర్వాత చీము తలలతో లేస్తే కుదుళ్ళకు ఇన్ఫెక్షన్. బిగుతు జాకెట్టుతో గంటలకొద్దీ ప్రాక్టీసు చేస్తే చెమటకాయలు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద ముళ్ళలా లేచిన చిన్నపిల్లల్ని పల్లెల నుంచి తీసుకొచ్చేవాళ్ళు. అది తిండిలో లోపం. విటమిన్లు, మంచి నూనె, ఆకుకూరలు అందితే తగ్గేది. అందుకే ఒక్కసారి చర్మ డాక్టరుకు చూపించు.

ఇక ఆ క్రీమ్ సంగతి. మీ చిన్నత్త ఎండాకాలంలో కూడా మోచేతి దాకా జాకెట్టు ఎందుకు వేసుకుంటుందని చిన్నప్పుడు అడిగావు, నేను మాట దాటేశాను. తనకూ నీలాగే ఉండేవి. పెళ్ళి కుదిరిందని మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. వారం తిరిగేసరికి ఎరుపు పోయింది, చెయ్యి నున్నగా అయింది. తను మురిసిపోయి నెలల తరబడి పూసింది. అందులో ఉన్నది క్లోబెటసాల్, చాలా ఘాటైన స్టెరాయిడ్. అది పేరుకున్న కెరాటిన్‌ను తీయదు, పైకి కనిపించే ఎరుపును అణచిపెడుతుంది. నేను సంక్రాంతికి నర్సింగ్ హాస్టల్ నుంచి వచ్చి చూసేసరికి చంక పక్కన ఎర్రటి చారలు, చర్మం పలచబడి కింద నరాలు కనిపిస్తున్నాయి. ఆపించాం. ఆపగానే మంటతో చేతులు మళ్ళీ ఎర్రబారాయి, పడుకోలేక ఏడ్చింది. ఎరుపు చారలు తెల్లబడ్డాయిగానీ పోలేదు, పోవు కూడా. పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ తన చేతులు కనిపించవు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. నీ ట్యూబు మీద సన్న అక్షరాలు చదువు. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఈ పేర్లలో ఏదున్నా పక్కన పెట్టేయ్. కొన్ని తెల్లబరిచే క్రీముల్లోనూ ఇవి దాగి ఉంటాయి. చదువుకున్న పిల్లవి, ఫ్రెండ్ మాట విని పూసుకోవడమేమిటి? కోప్పడుతున్నానని అలగకు. చిన్నత్త ఏడుపు విన్నదాన్ని.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. వేడినీళ్ళు కాదు, గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానం ముగించు. బీర పీచుతో, రాయితో రుద్దకు. గిల్లకు, మన ఒంటి రంగుకి నల్లమచ్చ నెలలు ఉండిపోతుంది. తువ్వాలుతో అద్దుకుని, తడి ఆరకముందే 10 శాతం యూరియా ఉన్న క్రీమ్ గానీ లాక్టిక్ యాసిడ్ లోషన్ గానీ రోజూ పూయి. యూరియా అంటే కంగారుపడకు, మన చర్మంలో సహజంగా ఉండేదే. తడిని పట్టి ఉంచి, కెరాటిన్‌ను మెత్తబరుస్తుంది. మొదట్లో కాస్త చురచురమంటుంది. మంట ఎక్కువైతే రోజు విడిచి రోజు పూయి. గీసుకుపోయిన చోట వద్దు. వ్యాక్సింగ్‌కి కొన్ని రోజుల ముందు లోషన్ ఆపు. తేడా తెలియడానికి వారాలు పడుతుంది, ఆపేస్తే మళ్ళీ వస్తాయి. అందుకే ఇవాళే మొదలుపెట్టు. ప్రోగ్రాం వారంలో మాత్రం కొత్తది ఏదీ ఒంటికి తగలనీయకు.

ముందు వరసలో కూర్చున్నా నీ బొడిపెలు ఎవరికీ కనిపించవు, బంగారం. అక్కడ కూర్చునేది నేనే కాబట్టి చెబుతున్నాను. జాకెట్టు చేతులకి లోపల మెత్తటి నూలు లైనింగ్ వేయించమని టైలర్‌కి చెప్పు, కుట్టు ఒరుసుకుంటే ఇంకా ఎర్రబారతాయి. ఆ ట్యూబు రెండు వైపులా ఫొటో తీసి ఈ సాయంత్రంలోగా వాట్సాప్‌లో పెట్టు. ఇప్పటికే పూసి ఉంటే ఎన్ని రోజులైందో దాచకుండా రాయి, డాక్టరు దగ్గరికి నేను కూడా వస్తాను.

మీ అత్త