మొదటిసారి ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

వచ్చే నెల క్యాంపస్ ఇంటర్వ్యూలకు మీ కంపెనీ నిన్ను ప్యానెల్‌లో వేసిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ నేను ఎన్నో ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఇంటర్వ్యూల ముందు రోజు రాత్రి ఇది మరోసారి చదువుకో.

మనసు మంచిదైతే చాలు, న్యాయం దానంతటదే జరిగిపోతుందని మాత్రం అనుకోకు. అన్యాయం చేద్దామని బోర్డులోకి వచ్చినవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. అయినా పిల్లలు తలుపు తీసుకుని లోపలికొచ్చి కుర్చీలో సర్దుకునేలోపే సగం నిర్ణయం జరిగిపోయేది. ఆ తర్వాత అడిగే ప్రశ్నలన్నీ ఆ నిర్ణయానికి సాక్ష్యం వెతుక్కోవడానికే. నచ్చినవాడు తడబడితే "పాపం, టెన్షన్ పడుతున్నాడు" అని మంచినీళ్లు ఇచ్చేవారు. నచ్చనివాడు సరిగ్గా అక్కడే తడబడితే "సబ్జెక్టు లేదు" అని రాసేవారు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తెలియని మనుషుల ముఖాలను సెకనులో పదో వంతు సేపు చూపించి, ఈ మనిషిని నమ్మవచ్చా, సమర్థుడిలా ఉన్నాడా అని అడిగారు. ఆ రెప్పపాటులో వేసిన అంచనాలూ తీరిగ్గా చూసి వేసిన అంచనాలూ చాలావరకు ఒక్కలాగే ఉన్నాయి. ఎక్కువసేపు చూసినవాళ్లకు ముఖ్యంగా పెరిగింది తమ అంచనా మీద ధీమా. అరగంట మాట్లాడాను, మనిషిని చదివేశాను అనుకునే సీనియర్లు మీ ఆఫీసులోనూ ఉంటారు. ఆ ధీమా ఎక్కడి నుంచి వస్తుందో నీకు తెలిసి ఉండాలి.

ఇంకా పాత సంగతి ఒకటి. అమెరికా సైన్యంలో అధికారులు తమ కిందివాళ్లకు దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అంటూ విడివిడిగా మార్కులు వేసేవారు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త 1920లో ఆ మార్కులను పరిశీలిస్తే, ఉండాల్సినదానికన్నా ఎక్కువగా అన్నీ ఒకదానితో ఒకటి కలిసి నడిచాయి. మనిషి దిట్టంగా కనిపిస్తే తెలివికీ మార్కులు పడ్డాయన్నమాట. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు.

మన దగ్గర ఆ పని ఇంగ్లిష్ చేస్తుంది. గలగలా మాట్లాడే పిల్లకు కోడింగ్‌లోనూ, క్రమశిక్షణలోనూ, చివరికి నిజాయితీలోనూ మార్కులు పడిపోతాయి. తెలుగు మీడియంలో చదివి, పాలిటెక్నిక్ మీదుగా బీటెక్‌కు వచ్చిన కుర్రాడు వాక్యం మధ్యలో ఆగితే జవాబు తెలియదనుకుంటారు. చాలాసార్లు జవాబు తెలుసు, మాట దొరకడం లేదు. అలాంటప్పుడు "తెలుగులో చెప్పు నాన్నా" అని ఒక్కసారి అను. ఆ ఉద్యోగానికి నిజంగా ఎంత ఇంగ్లిష్ కావాలో ముందే కాగితం మీద పెట్టి, దానికి వేరే మార్కులు ఉంచు. మిగతా గడుల్లోకి అది పారకుండా చూడు.

కళ్లలోకి చూసి మాట్లాడలేదని మార్కులు తగ్గించడం నాకెప్పుడూ కోపం తెప్పించేది. పెద్దవాళ్ల ముందు కళ్లు దించుకోవాలని ఇరవై ఏళ్లు ఇంట్లో నేర్పించి, ఇక్కడికి రాగానే "ఆత్మవిశ్వాసం లేదు" అంటే ఎలా? యాస సంగతీ అంతే. మన సినిమాలు సీమ యాసకు కత్తినీ, ఉత్తరాంధ్ర యాసకు నవ్వునీ ఎన్నేళ్లుగా అంటగట్టాయో చూస్తున్నావుగా. శ్రీకాకుళం పిల్ల నోరు విప్పగానే బోర్డులో ఎవరి పెదవి మీదైనా చిన్న నవ్వు వస్తే అది ఆ పిల్లకు కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చే జవాబులన్నీ ఆ నవ్వును చూశాక వచ్చినవే.

ఇక "మీ ఇంటిపేరేంటమ్మా?", "నాన్నగారు ఏం చేస్తారు?", "మీది ఏ ఊరు, ఊళ్లో ఏ వైపు?" లాంటి ప్రశ్నలు. పిల్లల భయం పోగొట్టడానికే అంటారు. అవి కులం ఆరా తీసే ప్రశ్నలని అడిగేవాళ్లకూ తెలుసు, జవాబు చెప్పేవాళ్లకూ తెలుసు. నువ్వు అడగకు. పక్కవాళ్లు అడిగితే వెంటనే మాట పని మీదకు మళ్లించు. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపి చూశారు. అర్హతలు సమానం, పేర్లే వేరు. 2007లో వాళ్లు ప్రచురించిన దాని ప్రకారం పై కులాల పేర్లకన్నా దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం తక్కువ, ముస్లిం పేర్లకు ఇంకా తక్కువ. ఇంటర్వ్యూ గది దాకా రాకముందే జరిగిన వడపోత ఇది. అందుకే షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు పేరు, ఊరు, ఫొటో కనపడకుండా రెజ్యూమెలు ఇవ్వమని హెచ్ఆర్ వాళ్లను అడుగు. కొత్తదానివని మొహమాటపడకు.

వ్యతిరేకత ఒక్కటే కాదు, అభిమానం విషయంలోనూ జాగ్రత్త. మన జిల్లా పిల్ల, మన కాలేజీ పిల్లాడు అనగానే మనసు కరుగుతుంది. అందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ ఉన్న పోస్టులు కొన్నే. నువ్వు ప్రేమతో ఎక్కువ వేసిన రెండు మార్కులు బయట బెంచీ మీద కూర్చున్న ఇంకెవరికో తగ్గినట్టే.

మరి ఏం చేయాలంటావా? నాకు తెలిసిన పద్ధతుల్లో అన్నిటికన్నా గట్టిది డేనియల్ కానెమన్‌ది. 2002లో నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త ఆయన. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, ఇరవై దాటీదాటని వయసులో, ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తవాళ్ల ఇంటర్వ్యూలను సరిదిద్దే పని ఆయన మీద పడింది. ఆరు లక్షణాలు ఎంచుకుని, ఒక్కోదానికి ప్రశ్నలు ముందే రాశాడు. చదువులో, పనిలో సమయపాలన ఎలా ఉండేది, స్నేహితులను ఎంత తరచుగా కలిసేవాడు లాంటివి, అంటే జరిగినవాటి మీద ప్రశ్నలు. ఒక లక్షణానికి మార్కులు వేశాకే రెండోదానికి వెళ్లాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తమను రోబోలను చేస్తున్నావని ఆయన మీద విరుచుకుపడ్డారు. సరే, అన్నీ పూర్తయ్యాక కళ్లు మూసుకుని, ఈ కుర్రాడిని సైనికుడిగా ఊహించుకుని ఒక మార్కు వేయండి అన్నాడు. పాత పద్ధతికన్నా ఆరు మార్కుల మొత్తం మెరుగ్గా పనిచేసింది. చివర వేసిన మార్కు కూడా దానితో సమానంగా పనిచేసింది. మనసు చెప్పేది వినవద్దని నేను అనను. కాకపోతే దాని వంతు చివర రావాలి.

నువ్వూ అలాగే చెయ్యి. ప్రశ్నలు ముందే రాసుకో, అందరినీ అవే, అదే వరుసలో అడుగు. విన్నది విన్నట్టు రెండు ముక్కలు రాసుకుని, తర్వాతి పిల్లలు వచ్చేలోపే మార్కులు వేసెయ్. బాగా చెప్పినవాడి వెనకాల వచ్చినవాడు మామూలుగా చెప్పినా వెలవెలపోతాడు, రాసుకున్న కాగితం ఉంటే అతనికి కొంత న్యాయం జరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మార్కులు రాసేదాకా ప్యానెల్‌లో ఎవరూ ఎవరితోనూ చర్చించకూడదు. పెద్దాయన "కుర్రాడు చురుగ్గా ఉన్నాడు కదా" అన్నాడంటే మిగతా పెన్నులన్నీ అటే కదులుతాయి. ఈ నియమం ఇంటర్వ్యూ రోజున చెబితే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది. రెండు రోజుల ముందే ప్యానెల్ పెద్ద దగ్గరికి వెళ్లి, ఇలా చేద్దామా సార్ అని అడుగు. ఒప్పుకోకపోతే నీ మార్కుల కాగితమైనా ముందే మడిచి ఇచ్చెయ్.

ప్రశ్నలు రాసుకున్నాక నాకు వాట్సాప్‌లో పెట్టు. ఇంటి సంగతులు ఆరా తీసేవి ఏమైనా దొర్లాయేమో చూసి చెబుతాను.

మీ అత్త