హెచ్‌ఓ రైలుకు చిన్న కెమెరా: కరెంటు పట్టాల నుంచి తీసుకోవద్దు

మీరు అడిగింది: హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు మోడల్ రైలు) ఇంజన్‌లో చిన్న కెమెరా పెట్టి డ్రైవర్ చూసినట్టు ఫోన్‌లో చూడాలి, వైఫై కెమెరా కొనాలా, డ్రోన్ కెమెరా కొనాలా, కరెంటు పట్టాల నుంచే ఇవ్వచ్చా అని. తిరుపతిలో మా ఇంట్లో పాకాల జంక్షన్‌ను పోలిన లేఅవుట్ (మోడల్ పట్టాలు, స్టేషన్ల అమరిక) ఉంది. దాని మీద రెండు రకాలూ నడిపాను కాబట్టి చెప్తున్నా.

ముందు కరెంటు సంగతి. పట్టాల నుంచి వద్దు. మామూలు డీసీ లేఅవుట్‌లో, అంటే పట్టాల ఓల్టేజీ పెంచి తగ్గించి రైలు నడిపే దాంట్లో, రైలు ఆగితే పట్టాల్లో ఓల్టేజీ ఉండదు, కెమెరా కూడా ఆరిపోతుంది. డీసీసీలో, అంటే డిజిటల్ ఆదేశాలతో నడిపే పద్ధతిలో, ఓల్టేజీ ఎప్పుడూ ఉంటుంది గానీ, దాన్ని రెక్టిఫైయర్‌తో డీసీగా మార్చి 5 ఓల్టులకు దించాలి. అంతా చేశాక కూడా పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) మీద, దుమ్ము పట్టిన చోట ఒక్క క్షణం కాంటాక్ట్ పోయినా ఫోన్‌లో దృశ్యం తెగుతుంది. మన ఎండాకాలం దుమ్ము సంగతి మీకు తెలిసిందే. 3.7 ఓల్టుల చిన్న లైపో బ్యాటరీ పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు.

రికార్డింగ్ మాత్రమే కావాలంటే ఈఎస్‌పీ32 క్యామ్ అనే చిన్న వైఫై కెమెరా బోర్డు చాలు, చవక కూడా. స్క్రీన్ చూస్తూ రైలు నడపాలంటే మాత్రం వైఫైలో దృశ్యం ఆలస్యంగా వస్తుంది. సిగ్నల్ దాటాక సిగ్నల్ కనిపిస్తే ఇక నడపడం ఏముంది? అందుకు 5.8 గిగాహెర్ట్జ్ అనలాగ్ డ్రోన్ కెమెరానే మేలు. ట్రాన్స్‌మిటర్ 25 మిల్లీవాట్లది చాలు, గదిలో అంతకు మించి అక్కర్లేదు. ఫోన్ యూఎస్‌బీకి ఓటీజీ రిసీవర్ (ఆ సిగ్నల్ అందుకునే పరికరం) తగిలిస్తే సరి. డ్రోన్‌లో గాలి తగిలి ట్రాన్స్‌మిటర్ చల్లబడుతుంది, మన రైలు మీద అది ఉండదు. బాగా వేడెక్కుతుంది కాబట్టి మూసిన బోగీలో పెట్టకండి.

నేనైతే ఇంజన్ జోలికే పోను. ఇంజన్ ముందు ఫ్లాట్ వ్యాగన్ తగిలించి దాని మీద కెమెరా పెడతాను. తేలిక వ్యాగన్‌ను వెనక నుంచి తోస్తే పట్టాలు తప్పుతుంది, అందుకని గాలానికి కట్టే సీసం ముక్కలు కింద అంటించండి. కెమెరా వ్యాగన్ కొసన కాకుండా ముందు చక్రాల చట్రం తిరిగే ఇరుసు మీదికి రావాలి. కొసన ఉంటే మలుపుల్లో చూపు పట్టాల బయటికి పోతుంది. అసలు డ్రైవర్ కన్ను పట్టాల నుంచి దాదాపు 3 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటే, 87తో భాగిస్తే మూడున్నర సెంటీమీటర్లు. లెన్స్ ఆ ఎత్తులో ఉంటేనే ప్లాట్‌ఫామ్, సిగ్నళ్లు నిజంగా పెద్దవిగా కనిపిస్తాయి. ఈ ఒక్క కొలత విషయంలో రాజీ పడకండి, ఆనందమంతా అక్కడే ఉంది. వేగం కూడా అంతే: గంటకు 50 కిలోమీటర్లు అనిపించాలంటే లేఅవుట్ మీద సెకనుకు 16 సెంటీమీటర్లు పోతే చాలు.

ఇంకొకటి, డ్రోన్ కెమెరాల ఫోకస్ దూరానికి పెట్టి ఉంటుంది, మన స్టేషన్ బోర్డు మసకగా వస్తుంది. లెన్స్ అంచున చుక్క జిగురు ఉంటుంది. బ్లేడు కొసతో దాన్ని నెమ్మదిగా గీకి, ఒక అడుగు దూరంలో అక్షరాల కాగితం పెట్టి, ఫోన్‌లో చూస్తూ లెన్స్‌ను వెంట్రుకవాసి చొప్పున బయటికి తిప్పండి. అక్షరాలు తేటపడగానే ఆపి, అంచున కొంచెం నెయిల్ పాలిష్ రాయండి, మళ్లీ కదలదు.