7 శాతం కన్నా 9 శాతమే చవక

అనంతపురం

చిరంజీవి లక్ష్మికి, మామ ఆశీస్సులు.

వాట్సాప్‌లో పంపిన కొటేషన్ చూశాను. కారు రంగు మీ అత్తకు నచ్చలేదంట, అది మీరూ మీరూ తేల్చుకోండి. నాకు మాత్రం కాగితం అడుగున పెన్నుతో రాసిన ‘7%’ మీద చూపు ఆగింది. అంకె పెద్దగా రాసి, పక్కన ‘ఫ్లాట్’ అని చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టాడు. కారు లోన్‌కు బ్యాంకులో వడ్డీ 9 శాతం అంటే షోరూమ్‌లో 7కే ఇప్పిస్తామంటున్నారని నువ్వు సంబరపడుతున్నావు. కాస్త ఆగు.

మన ఊళ్లో లక్ష అప్పు తెచ్చి, శెనక్కాయలు అమ్మినాక యాభై వేలు కట్టేస్తే ఏం చేస్తాం? నోటు వెనక చెల్లు రాయించుకుంటాం. ఆ రోజు నుంచి మిగతా యాభై వేలకే వడ్డీ. బ్యాంకు చెప్పే 9 కూడా ఈ పద్ధతే, కట్టేకొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఫ్లాట్‌లో ఆ చెల్లు ఉండదు. 6 లక్షలకు 7 శాతం చొప్పున ఐదేళ్లకు 2 లక్షల 10 వేలు వడ్డీ మొదటి రోజే కలిపేసి 60 కంతులు చేస్తారు. నెలకు 13,500. అందులో 10 వేలు అసలు, 3,500 వడ్డీ. ఆఖరి నెలలో నువ్వు బాకీ ఉండేది 10 వేలే, అయినా దానికీ 3,500 వడ్డీ! మన ఊళ్లో ఎంత పిసినారి షావుకారైనా ఇట్లా అడగడు.

అదే 6 లక్షలు బ్యాంకులో 9 శాతానికి తీసుకుంటే కంతు 12,455 దాకా వస్తుంది. ఐదేళ్లకు మొత్తం వడ్డీ లక్షా 47 వేల చిల్లర. అంటే 62 వేల పైచిలుకు నీ దగ్గరే మిగులుతుంది. మన లెక్కలో, అంటే నెలకు నూటికి ఇంత అని చెప్పాలంటే, బ్యాంకుది ముప్పావలా వడ్డీ. ఆ ‘7 శాతం’ విప్పి చూస్తే పన్నెండున్నర, అంటే రూపాయి వడ్డీకి పైనే.

షోరూమ్ అబ్బాయితో గొడవ వద్దు, అతనికీ కమీషన్ ఉంటుంది. ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వండి’ అని మాత్రం అడుగు, లోన్ వివరాలన్నీ ఒకచోట ఉండే కాగితం అది. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ లోన్లకు అది ఇవ్వాల్సిందేనని రిజర్వు బ్యాంకు పెట్టింది. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజులాంటివన్నీ కలుపుకుని సాలుకు నిజంగా ఎంత పడుతుందో అదే చెబుతుంది. రెండు చోట్లా ఆ అంకెలే పోల్చు. నోటి మాటలు పక్కన పెట్టు.

కంతు తక్కువ పడుతుందని ఏడేళ్లు పెట్టమంటారు. బ్యాంకు 9 శాతమే అయినా ఏడేళ్లయితే కంతు 9,653కు దిగుతుంది, వడ్డీ మాత్రం మళ్లీ ఆ 2 లక్షల 10 వేల దగ్గరికే పోతుంది. మీ ఇద్దరి జీతాలకు ఐదేళ్లు చాలు. మధ్యలో డబ్బు చేతికొస్తే ముందే కట్టేయొచ్చా, కడితే జరిమానా ఎంత అన్నది ఇప్పుడే అడిగి రాయించుకో.

ఇక కొటేషన్‌లో మిగతా వరసలు. కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేళ్లకు తప్పనిసరి, మన బండికి జరిగే నష్టానికి మాత్రం ఏడాదికి తీసుకున్నా చాలు. షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు, బయట రేటు కనుక్కుని చూపించు, చాలాసార్లు వాళ్లే దిగొస్తారు. ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ ఎందుకని అడుగు, తీసేస్తారు. సీటు కవర్లు, మ్యాట్లు బయట కొనుక్కోవచ్చు. డిసెంబరులో డిస్కౌంట్ బాగానే ఇస్తారు కానీ, జనవరి వచ్చిందంటే అది పోయినేటి బండి అయిపోతుంది, అమ్మేటప్పుడు రేటు తగ్గుతుంది. పదేళ్లు నడుపుకునే ఉద్దేశముంటే ఆ టెన్షన్ అక్కర్లేదు, తీసుకో.

లోన్ తీరాక చాలామంది ఆర్‌సీ సంగతే మర్చిపోతారు. దాని మీద బ్యాంకు పేరు ఉన్నన్నాళ్లూ బ్యాంకు ఒప్పుకోకుండా బండి అమ్మడం కుదరదు. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, పేరు తీసేయడానికి పెట్టే ఫారం 35 తీసుకుని ఆర్‌టీఓలో ఆ పేరు తీయించాలి. అది ఐదేళ్ల తర్వాతి మాట. ఇప్పటికైతే ఆ రెండు స్టేట్‌మెంట్లూ తెచ్చుకుని ఫోటో పంపు, నేను చూసేదాకా అడ్వాన్సు కట్టొద్దు.

మీ మామ