మంత్రి మారారు, నేను ఉద్యోగం మానాలా?

ప్రశ్న: నా వయసు 48. పెళ్లయి 22 ఏళ్లు. అమెరికాలో, మేరీలాండ్‌లో ఉంటాం. 2010లో నేనూ మావారూ ఒకే రోజు సిటిజన్‌షిప్ తీసుకున్నాం. మరుసటి ఏడాది నుంచి కేంద్ర ఆరోగ్య శాఖ కింద ఉన్న ఒక సంస్థలో స్టాటిస్టీషియన్‌గా చేస్తున్నాను. 2024 నవంబరులో ఆరోగ్య మంత్రిగా, టీకాలను శంకించే కెనడీ జూనియర్ పేరు ప్రకటించినప్పుడు భయపడి మీకు రాస్తే, నామినేషన్ అంటే నియామకం కాదు, ఆగమన్నారు. ఆగాను. ఇప్పుడు ఆయనే మా మంత్రి. ఏప్రిల్‌లో మా పక్క విభాగంలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. రేపు నన్ను అంకెలు మార్చమంటే ఏం చేయాలి?

ఇంట్లో ఇంకో గొడవ. మావారు అధ్యక్షుడు ట్రంప్‌కే ఓటేశారు. 'గెలిచినవాడికి తన మనుషుల్ని పెట్టుకునే హక్కు లేదా?' అంటారు. మా అమ్మాయికి 17. 'అమ్మా, నువ్వు కూడా వాళ్లలో భాగమే కదా' అని మొహం మీదే అనేసింది. అప్పటి నుంచి కంచం తన గదిలోకి తీసుకెళ్లిపోతోంది. మామయ్యగారు హైదరాబాద్ సచివాలయంలో చేసి రిటైరయ్యారు, అక్టోబరు దాకా మాతోనే ఉంటారు. 'ప్రభుత్వాలు వస్తుంటాయి పోతుంటాయి, నీ సీటు నువ్వు చూసుకో' అని నవ్వేస్తారు. రోజూ పొద్దున గేటు దగ్గర బ్యాడ్జి పెట్టి, పచ్చ లైటు వెలిగేదాకా ఊపిరి బిగబట్టుకుంటున్నాను. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. మానేయనా?
– పేరు రాయవద్దు

జవాబు: అమ్మా, ముందు నా తప్పు ఒప్పుకుంటాను. డిసెంబరులో మీకు జవాబు రాసేటప్పుడు నా కళ్ల ముందు మాట్ గేట్జ్ ఉదంతం ఉంది. నవంబరు 13న ఆయన్ని అటార్నీ జనరల్‌గా, అంటే న్యాయ శాఖ అధిపతిగా, ప్రకటించారు, 21కల్లా తప్పుకున్నారు. ఆ ఎనిమిది రోజుల ముచ్చట చూసి, మంత్రుల్ని ఆమోదించాల్సిన సెనేట్ వడపోస్తుందిలే అని ధీమాగా రాసేశాను. తర్వాత జరిగింది మీకు తెలుసు. రక్షణ మంత్రి హెగ్‌సెత్‌కు జనవరి 24న ఓట్లు సమానంగా చీలితే ఉపాధ్యక్షుడు వాన్స్ తన ఓటు వేసి 51-50తో గట్టెక్కించారు. 77 మంది నోబెల్ గ్రహీతలు వద్దని ఉత్తరం రాసినా కెనడీ ఫిబ్రవరి 13న 52-48తో నెగ్గారు. అధ్యక్షుడి సొంత పార్టీలో కాదన్నది సెనేటర్ మెక్‌కానెల్ ఒక్కరే, చిన్నప్పుడు పోలియో బారిన పడి బయటపడిన మనిషి. ఆగమని చెప్పినందుకు కాదు, ఆగినంత కాలం ఏం చేయాలో చెప్పనందుకు నన్ను క్షమించాలి. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తాను.

'మానేయనా?' అని అడిగారు. మీ ఉత్తరమంతా చదివితే నాకు కనిపించిన ప్రశ్న అది కాదు. ఏ కాగితం మీద సంతకం పెడతాను, ఏ కాగితం మీద పెట్టను అన్నది మీకు మీరే ఇంకా తేల్చుకోలేదు. అది తేలకుండా మానేసినా ఈ మూడింటి మెలకువ పోదు, ఉండిపోయినా పోదు.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఆఫీసు కంప్యూటర్ వద్దు, ఇంట్లో అమ్మాయి నోటు పుస్తకంలోంచి చింపిందైనా చాలు. మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క, నచ్చకపోయినా చేస్తాను అనేవి రాయండి. మంత్రి వేరే జబ్బుల మీద దృష్టి పెట్టమంటే పెట్టాలి. ఒక ప్రాజెక్టు ఆపమంటే, ఆపే అధికారం ఆయనకు ఉంటే, ఆపాలి. ఏప్రిల్‌లో తిండిలో పెట్రోలియం నుంచి తీసే కృత్రిమ రంగులు తగ్గిస్తామన్నారు. బహుశా అది మీకూ నచ్చిందేమో, నాకైతే నచ్చింది. ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి పనిని తూచడం మొదలుపెడితే మీ ఉద్యోగమే తలకిందులవుతుంది. ఈ విషయంలో మీవారి మాటలో న్యాయం ఉంది. గెలిచినవాడు మంత్రిని ఎంచుకుంటాడు, సెనేట్ ఒప్పుకుంటే ఆ మంత్రి విధానాన్ని సిబ్బంది నడుపుతారు.

కుడి పక్కన, ఏమైనా సరే చేయను అనేవి రాయండి. లెక్కలో వచ్చిన అంకె మార్చడం, నచ్చని ఫలితాన్ని దాచడం, మీరు చేయని విశ్లేషణ కింద మీ పేరు పెట్టడం. నాలుగైదుకు మించవు. మించితే గీత తప్పు చోట గీశారన్నమాట. ఇది ముందే రాసుకోవాలి, ఎందుకంటే అడిగే రోజు అంకె మార్చమని ఎవరూ అడగరు. 'ఆ వాక్యం కొంచెం సాఫ్ట్ చేయగలవా' అంటారు. సాయంత్రం అయిదింటికి, డెడ్‌లైన్ మీద.

ఆ సాయంత్రానికి పనికొచ్చే మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు, మీ మామయ్యగారు. ఆయన్ని మీరు కొంచెం తక్కువ అంచనా వేస్తున్నారని నాకు అనుమానం. ఆ నవ్వు వెనక ఏముందో ఎప్పుడైనా అడిగారా? 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గిస్తే, నెల తిరక్కుండా వేలమంది ఇంటికి వెళ్లిపోయారు. ఆ రోజుల్లో సర్వీసులో ఉన్నవాళ్లు ఎవరూ దాన్ని మరిచిపోలేదు. మరుసటి ఏడాది ఆగస్టు 16న నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు, సెప్టెంబరు 16న మళ్లీ ఎన్టీఆర్ వచ్చారు. అదే సచివాలయం, అవే ఫైళ్లు, నెలలో రెండు ప్రభుత్వాలు. మామయ్యగారు అది దాటి వచ్చినవారు. ఆయన నిబ్బరం ఊరికే వచ్చింది కాదు.

అయితే ఆయన చెప్పేదంతా మీకు సరిపోదు. మన దగ్గర మామూలుగా విచారణ లేకుండా ప్రభుత్వోద్యోగిని తీసేయడానికి రాజ్యాంగం 311వ అధికరణం ఒప్పుకోదు. అందుకే కోపమొచ్చిన మంత్రి బదిలీతో సరిపెట్టుకోవాలి, లూప్ లైన్ పోస్టింగు అంటారు కదా. మీకు ఆ గొడుగు అంత గట్టిది కాదు. మార్చి 27న మీ శాఖే ప్రకటించింది, 82 వేల మంది సిబ్బందిని 62 వేలకు తగ్గిస్తామని. ఏప్రిల్ 1న కొందరికి ఉద్యోగం పోయిందని తెలిసింది గేటు దగ్గర బ్యాడ్జి పనిచేయనప్పుడే. మీరు ఊపిరి బిగబట్టడంలో వింత లేదు. 'నీ సీటు నువ్వు చూసుకో' అనడానికి అక్కడ సీటంటూ ఉండాలి.

కానీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది, నోట్ రాయడం. మన సచివాలయంలో బుద్ధున్న ఉద్యోగి మంత్రితో వాదించడు. ఫైల్లో రెండు పేరాలు రాస్తాడు. 'నిబంధన ఇది, లెక్క ఇది, ఈ కారణం చేత ఇలా చేయడం సరికాదని నా అభిప్రాయం, పైవారు నిర్ణయించగలరు' అని తేదీ వేసి పైకి పంపుతాడు. నోటిమాటగా ఆదేశం ఇస్తే కాగితం మీద అడుగుతాడు. అఖిల భారత సర్వీసుల నియమాల్లోనే ఉంది, మౌఖిక ఆదేశాన్ని పైఅధికారి ఆ వెంటనే రాతలో ధ్రువపరచాలని. మీకు ఫైలు లేదు, ఈమెయిల్ ఉంది. 'ఇందాక ఫోన్‌లో మీరు ఫలానా మార్పు చేయమన్నారని నాకు అర్థమైంది, సరైనదేనా? నా విశ్లేషణలో ఫలితం ఇది' అని మూడు లైన్లు. అందులో విశేషణం ఒక్కటి కూడా ఉండకూడదు. సాఫ్ట్ చేయమన్న మాటల్లో సగం ఆ మూడు లైన్లతోనే వెనక్కి వెళ్లిపోతాయి.

మిగిలిన సగం సంగతి. చట్టాన్నో నిబంధననో మీరమని ఆదేశిస్తే కాదన్న ఉద్యోగిని అందుకోసం శిక్షించకూడదని మీ చట్టంలో ఉంది. 2017లో ఆ రక్షణను ఇంకొంచెం విస్తరించారు కూడా. ఉందని తెలుసుకోండి, దాన్నే నమ్ముకుని కూర్చోకండి. ఇలాంటి ఫిర్యాదులు వినే ఇన్‌స్పెక్టర్ జనరళ్లను 17 మంది దాకా జనవరి 24న ఒక్క రాత్రిలో తీసేశారు, మీ శాఖ ఆవిడ సహా. అందుకని ఫెడరల్ ఉద్యోగాల కేసులు చూసే లాయరుతో ఒక గంట మాట్లాడండి, అవసరం వచ్చాక కాదు, ఇప్పుడే. రాజకీయాల మాటలు ఆఫీసు ఫోన్‌లో, ఆఫీసు వేళల్లో వద్దు. తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపులో మీవారు పెట్టే ఫార్వర్డ్‌లకు డ్యూటీలో ఉండి జవాబివ్వడం మరీ వద్దు.

ఇక రాజీనామా. మీ అమ్మాయి స్కూల్లో చరిత్ర పాఠంలో వినే ఉంటుంది, 1973 అక్టోబరు 20 రాత్రి కథ. వాటర్‌గేట్ కేసు చూస్తున్న ప్రాసిక్యూటర్‌ని తీసేయమని అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఆదేశిస్తే అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ కాదని తప్పుకున్నారు, ఆయన కింది రకల్‌హౌస్ కూడా కాదన్నారు. దేశం అదిరిపోయింది. నిజమే. కానీ అవి రాజకీయ పదవులు. అంత పెద్ద కుర్చీ ఖాళీ అయితే అదే ఒక ప్రకటన. స్టాటిస్టీషియన్ మానేస్తే పేపర్లో రాదు. శుక్రవారం కేకు కోస్తారు, సోమవారానికి మెయిల్ ఐడీ తీసేస్తారు, మీ డేటా ఇంకొకరు తెరుస్తారు. ఆ ఇంకొకరు ఎవరో మీకు తెలియదు. ఆ రకల్‌హౌస్ కథ అక్కడితో అయిపోలేదు, పాపకు ఇదీ చెప్పండి. 1983లో పర్యావరణ సంస్థ అధిపతి ఆన్ గోర్సచ్ గొడవల మధ్య దిగిపోతే, ఆ సంస్థను చక్కదిద్దడానికి అధ్యక్షుడు రేగన్ పిలిచింది ఆయన్నే. ఆయన వచ్చేసరికి పని తెలిసినవాళ్లు లోపల మిగిలి ఉన్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు.

ఉండడానికీ పోవడానికీ మధ్య ఇంకో దారి ఉంది, ఉండి గట్టిగా చెప్పడం. జూన్‌లో బెథెస్డాలో వైద్య పరిశోధన సంస్థ సిబ్బంది తమ డైరెక్టర్‌కే బహిరంగ లేఖ రాశారు, కొందరు పేర్లతో, కొందరు పేరు దాచుకుని. నాకు ముచ్చటేసింది. కానీ జులైలో పర్యావరణ సంస్థలో అలాంటి లేఖ మీద సంతకం చేసినవాళ్లను 140 మంది దాకా సెలవు మీద ఇంటికి పంపేశారు. కాబట్టి ఆవేశంలో సంతకం వద్దు. మీ కాగితం మీద కుడి పక్క గళ్లో ఉన్నదాని కోసమైతే ఆలోచించండి.

డబ్బు సంగతి మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఆడవాళ్ల ఉత్తరాల్లో ఇది నేను తరచూ చూస్తాను, పరువు గురించి మూడు పేజీలు, జీతం గురించి ఒక్క ముక్క ఉండదు. వాళ్లే తీసేస్తే సెవరెన్స్, అంటే ఉద్యోగం పోయినందుకు ఇచ్చే పరిహారం, వస్తుంది, మీరే మానేస్తే రాదు. మొదటి పదేళ్లకు ఏడాదికి వారం జీతం, ఆపై ఏళ్లకు రెండేసి వారాలు, 40 దాటాక ప్రతి మూడు నెలలకు రెండున్నర శాతం కలుపుతారు. మీ వయసుకు, 14 ఏళ్ల సర్వీసుకు నా లెక్కలో దాదాపు 32 వారాల జీతం. ఆఫీసులో సరిచూసుకోండి. అమ్మాయి కాలేజీ వచ్చే ఏడాదే. ఇంటిల్లిపాది ఇన్సూరెన్స్ ఎవరి ఉద్యోగం మీద ఉంది?

ఈ లెక్క మీవారితో కూర్చుని వేయండి. ఆయనతో మంత్రి గురించి వాదించడం ఇప్పటికి ఆపండి. మీరు ఓడిపోయారని కాదు, ఆ వాదన వల్ల ఆయన అసలు విషయం వినడం లేదు. ఒక సంగతి అడుగుతాను, పచ్చ లైటు గురించి ఆయనకు చెప్పారా? మీరు నాకు రాసిన తీరు చూస్తే చెప్పలేదనే అనుకుంటున్నాను. పక్క మీద మూడింటికి మీరు లేచి కూర్చుంటున్నారని కూడా ఆయనకు తెలియకపోవచ్చు. ఆయన కళ్లకు మీరు టీవీలో కనిపించే 'వాళ్ల పార్టీ'గా కనిపిస్తున్నారు, భయపడుతున్న భార్యగా కాదు. రాజకీయం లేకుండా గేటు దగ్గరి ఆ రెండు నిమిషాల సంగతి మాత్రం చెప్పండి. తర్వాత మాట్లాడకండి. ఆయన ఏమంటారో విని నాకు రాయండి.

మాట ఎత్తడానికి దారి కావాలంటే 2010 గుర్తుచేయండి. సిటిజన్‌షిప్ రోజు మీరిద్దరూ చేతులెత్తి రాజ్యాంగాన్ని సమర్థించి కాపాడతామని ప్రమాణం చేశారు. ఉద్యోగంలో చేరిన రోజు మీరు మళ్లీ దాదాపు అవే మాటలు చెప్పారు. రెండింట్లోనూ అధ్యక్షుడి పేరు లేదు, మంత్రి పేరు లేదు. ఓటు ఎవరికి వేసినా ఆ మాట మీరిద్దరూ ఇచ్చిందే కదా.

అమ్మాయి మాట మిమ్మల్ని కోసేసిందని తెలుస్తోంది. ఆ వయసులో మనమూ కోసేశాం, ఎవరినో ఒకరిని. సంజాయిషీ చెప్పకండి, ఆ తెల్ల కాగితం చూపించండి. కుడి పక్కన ఇంకా ఏం రాయాలంటావని అడగండి. ఒకటి ఆమె చెప్పింది కలపండి, మీకు సమంజసం అనిపిస్తేనే. గదిలోకి కంచం తీసుకెళ్లడం మానకపోతే ఒకరోజు మీ కంచం పట్టుకుని మీరే వెళ్లి మంచం మీద కూర్చోండి.

నిద్ర సంగతి మాత్రం వాయిదా వేయకండి. మీ ఆఫీసులో ఉద్యోగులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, అది వాడుకోవాలనిపించకపోతే బయట డాక్టరును చూడండి. ఈ వయసులో మూడింటి మెలకువకు టెన్షన్ ఒక్కటే కారణం కాకపోవచ్చు, థైరాయిడ్ కూడా చూపించండి.

మామయ్యగారు అక్టోబరులో వెళ్లేలోపు ఒక ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి, ఊహించుకున్న ఆదేశానికి ఒక నోట్ ఇంగ్లీషులో రాయించండి. కొట్టివేతలతో సహా దాచుకోండి. మళ్లీ ఉత్తరం రాసినప్పుడు మీ బీపీ ఎంతుందో కూడా రాయండి.