గ్రానైట్ ముక్కలో పలుగు (క్వార్ట్జ్) ఏది, ఫెల్డ్‌స్పార్ ఏది? టోపో పటం (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) ఉండగా భూవిజ్ఞాన పటం ఎందుకు?

నల్లగొండ గ్రానైట్‌లో ఖనిజాలను గుర్తించేటప్పుడు ముందు రంగును నమ్మడం మానండి. ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో చదునైన ముఖం తళుక్కుమంటే అది ఫెల్డ్‌స్పార్. దానికి ఒకదానికొకటి దాదాపు లంబకోణంలో రెండు చీలిక తలాలు (ఖనిజం చదునుగా విరిగే ముఖాలు) ఉంటాయి. పలుగుకు అవి ఉండవు, విరిగినచోట గాజు పెంకులా వంపు తిరిగి ఉంటుంది. గాజుపలక పరీక్ష ఇక్కడ పనికిరాదు. మోహ్స్ కాఠిన్యం (గీతకు తట్టుకునే గట్టిదనం, 1 నుంచి 10 దాకా) పలుగుకు 7, ఫెల్డ్‌స్పార్‌కు 6. రెండూ గాజును గీస్తాయి. పలుగు మొనతో ఫెల్డ్‌స్పార్‌ను గట్టిగా గీయండి, గీత పడుతుంది. గోటితో గీకితే పొరలుగా ఊడే నల్లరేకులు బయోటైట్ అభ్రకం.

వాడపల్లి వైపు సున్నపురాయి దొరికితే తప్పక తెచ్చుకోండి. అందులోని కాల్సైట్ కాఠిన్యం 3 మాత్రమే. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడగానే బుసబుసా పొంగుతుంది.

ఇక పటాలు. 1:50,000 టోపో పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఒకదానికొకటి దగ్గరగా ఉంటే వాలు నిటారుగా ఉన్నట్టు. నల్లగొండ గుట్టల దగ్గర ఇది చక్కగా కనిపిస్తుంది. ఆ గుట్ట ఏ రాయిదో రంగులతో చూపేది మాత్రం భూవిజ్ఞాన పటమే.