చర్చ పెట్టబోతున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటం పాఠాన్ని ఈసారి పిల్లలచేతే చదివించి, చర్చ కూడా వాళ్లచేతే నడిపిస్తానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంబరపడ్డాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

బెంచీలు ముందురోజే జరిపించు. హెడ్మాస్టరు చెవిన ఓ మాట వెయ్. సిలబస్ టెన్షన్ ఎప్పుడూ ఉండేదే.

చదవడానికి ఏమీ ఇవ్వకుండా చర్చ పెట్టావో, సినిమా డైలాగులే వినాల్సొస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు, అంటే కొండల్లో అడవి కొట్టి చేసుకునే సాగుకు, ఎలా అడ్డొచ్చిందో ఒక పేజీ, నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు కొండవాళ్లను కూలి దగ్గర ఎలా పీడించారో ఒక పేజీ ఇవ్వు. కింద రెండు ప్రశ్నలు చాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. సీతారామరాజు దళం వాళ్లు వరసగా పోలీస్ స్టేషన్ల మీదే ఎందుకు పడ్డారు? పట్టుకెళ్లిన తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలోనే ఎందుకు రాసిపెట్టారు? ఆయన పక్కన నిలబడి పోరాడిన గాం గంటందొర, మల్లుదొరల పేర్లూ ఉండాలి. లేకపోతే మాటలన్నీ సీతారామరాజు ఒక్కడి చుట్టూనే తిరుగుతాయి.

ఇక నా అసలు భయం. ఏజెన్సీ దగ్గర పనిచేసేటప్పుడు మా స్టాఫ్‌లో ఒక మాస్టారు ఇదే పాఠానికి చర్చ పెట్టాడు. మంచివాడే. చర్చ చప్పబడేసరికి కంగారుపడి, వెనక బెంచీలోని కొండదొరల పిల్లను లేపి, "మీవాళ్ల కథే కదమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు. తరగతంతా వెనక్కి తిరిగింది. ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడిపోయింది. పోడు గురించి ఆ గదిలో అందరికన్నా, మాస్టారికన్నా కూడా, ఆ పిల్లకే ఎక్కువ తెలుసు. తాత ఏ చెట్టు కొట్టకుండా వదిలేవాడో, చోళ్లు, సామలు ఎప్పుడు చల్లేవాడో, నేలను ఎన్నేళ్లు బీడు పెట్టేవాడో తర్వాత హాస్టలు వరండాలో నాతో గలగలా చెప్పింది. క్లాసులో మాత్రం ఆ ఏడాదంతా నోరు విప్పలేదు. మాస్టారేమో తాను ఆ పిల్లకు పెద్దపీట వేశాననే అనుకున్నాడు.

ఊరో కులమో ఇంటిపేరో పట్టుకుని నువ్వు ఎవరినీ లేపకు. ముందు ఎవరికి వారే కాగితం మీద రాసుకోవాలి, తర్వాత నలుగురైదుగురి గుంపులో మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే అందరి ముందూ. చర్చ నడిపే పిల్లను ముందురోజే కూర్చోబెట్టుకో. వాగేవాళ్లను ఎలా ఆపాలో తనకు నేర్పాలి కదా. గది నిశ్శబ్దమైతే నువ్వు తట్టుకోలేవు, నాకు తెలుసు. చిన్నప్పుడు అందరం మాట్లాడకుండా అన్నం తింటుంటే ఏదో ఒకటి అనేదాకా నీకు ముద్ద దిగేది కాదు. కాసేపు ఓర్చుకో, తల్లీ.

ప్రశ్నల కాగితం ముందు నాకు వాట్సాప్ చెయ్. దిద్ది పంపిస్తాను. అలగకూడదు మరి.

మీ పెద్దమ్మ